ఖాళీగా తిరిగొచ్చిన గిన్నె

రెండు దేశాలు కాల్పుల విరమణకు ఒప్పుకున్నాక కూడా మళ్లీ ఎందుకు కాల్చుకుంటాయి అన్న ప్రశ్న పట్టుకుని నేను యూనివర్సిటీలో చాలా ఏళ్లు కూర్చున్నాను. పనిచేశాను అనడానికి మనసొప్పక కూర్చున్నాను అంటున్నాను. లైబ్రరీలో ఫ్యాను కింద చోటు దొరికిన రోజు చదివేదాన్ని. దొరకని రోజు టీ తాగి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర ఎవరి ఉపన్యాసమో విని ఇంటికొచ్చేదాన్ని. మొత్తానికి డాక్టరేటు వచ్చింది, ఇప్పుడు పిల్లలకు అదే పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నాను. కానీ ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఏ సరిహద్దూ కాదు. తార్నాకలో మేం అద్దెకున్న ఇంటి మెట్ల మీద ఒక పొద్దున కనబడిన స్టీలు గిన్నె.

ఆ ఇల్లు మెయిన్ రోడ్డు నుంచి సీతాఫల్‌మండి వైపు దిగే ఒక సందులో ఉండేది. కింద ఇంటివాళ్లు, పైన మేము. మధ్యలో ఇద్దరికీ ఉమ్మడిగా ఒక మెట్ల వరస. ఇంటాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు, సొంతూరు జనగామ దగ్గర. మాది గోదావరి జిల్లా. నాన్నకు హైదరాబాదు బదిలీ అయినప్పుడు నేనింకా పలక పట్టుకునే వయసులో ఉన్నాను. ఇంటావిడను నేను అత్తయ్యా అనేదాన్ని. అమ్మ వదినా అనేది, ఆవిడ అమ్మను వదినె అనేది. వాళ్లబ్బాయి నాకంటే కాస్త పెద్ద. అత్తయ్య కొడుకు వరసకు బావ కావాలి. కానీ ఆ సందులో పాలవాడి దగ్గర్నుంచి కరెంటువాడి దాకా అందరూ అన్నలే కాబట్టి ఇతన్నీ అన్నా అనే పిలిచాను, ఆ వరస తప్పిందని రెండిళ్లలో ఎవరూ బాధపడలేదు.

నేను డిగ్రీ చదువుతుండగా నాన్న ఉన్నట్టుండి పోయారు. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, ఆ దినాలన్నీ అన్నం కింది నుంచే వచ్చింది. అత్తయ్య పొద్దున వచ్చి చీకటి పడేదాకా అమ్మ పక్కన కూర్చునేది, దిగిపోయేటప్పుడు మాత్రం మాట లేకుండా లేచి పోయేది. చావింటి నుంచి వెళ్లేవాళ్లు వెళ్లొస్తామని చెప్పకూడదు. మళ్లీ అలాంటి పనికే రావలసి వస్తుందని భయం. దినాలు అయిపోయిన మర్నాడు ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, వస్త వదినె, అంది. ఆ మాట విన్నాకే తనకు ఊపిరి ఆడిందని అమ్మ తర్వాత చాలాసార్లు చెప్పింది.

నాన్న ఆఫీసులోనే అమ్మకు ఉద్యోగం ఇచ్చారు. అప్పటిదాకా ఒంటరిగా సిటీ బస్సెక్కని మనిషి అమ్మ. మొదటి రోజు అత్తయ్య బస్టాపు దాకా వచ్చి, బస్సు నంబరు చూపించి, ఎక్కించి పంపింది. మా బంధువులందరూ గోదావరి గట్టు మీదే ఉండిపోయారు. ఇంత పెద్ద ఊళ్లో అమ్మకు నా మనిషి అని చెప్పుకోవడానికి ఉన్నది ఆవిడ ఒక్కతే. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత పోయింది అదే.

రెండిళ్ల మధ్య గిన్నెలు ఎక్కుతూ దిగుతూ ఉండేవి. కింది నుంచి సకినాలు, గరిజెలు, సర్వపిండి. పై నుంచి పులిహోర, బొబ్బట్లు, మాగాయి. ఒకరింటి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్నది రెండు వైపులా ఒకటే. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా, ఒక కరివేపాకు రెమ్మైనా వేసి ఇచ్చేవాళ్లు. ఒకసారి అత్తయ్య గిన్నెలో ఒకే ఒక్క నిమ్మకాయ వేసి పంపితే, అది గిన్నెలో దొర్లుకుంటూ వచ్చిందని మేం చాలా రోజులు నవ్వుకున్నాం. పేపరు కూడా ఇద్దరికీ కలిపి ఒకటే. ముందు కింద చదివి, తర్వాత పైకి పంపేవాళ్లు.

ఇక నా చదువు. మా గైడ్‌కు మాట తక్కువ, చాక్‌పీసు ఎక్కువ. మన దేశానికీ పొరుగు దేశానికీ మధ్య కాల్పుల విరమణ నా అంశం. నేను కారణాలన్నీ అధ్యాయాలుగా పేర్చుకున్నాను. అసలు తగువు తేలకుండా పైపైన కట్టు కట్టడం, ఒప్పందంలో లేని మూడోవాళ్లు వచ్చి చెడగొట్టడం, చూసి నిజం చెప్పేవాడు ఒకడు లేకపోవడం. వీటన్నిటికంటే నన్ను పట్టుకున్నవి చిన్న సంగతులు. ఇటు సిపాయి వానలు రాకముందే, కారుతున్న బంకరు మీద నాలుగు తట్టల మట్టి వేసుకుంటాడు. అటు నుంచి దుర్భిణిలో చూసేవాడికి అది కొత్త బంకరు. వాడొక తూటా కాలుస్తాడు, బెదిరించడానికి. ఇటు వాళ్లు పది కాలుస్తారు, బెదరలేదని చెప్పడానికి. మర్నాడు రెండు దేశాల పేపర్లలోనూ ఒకే వార్త, ఎదుటివాడే ముందు మొదలుపెట్టాడని. రెండు దేశాల పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చదువుతుంటే నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లు మండేది కూడా.

సార్ ఒకసారి నా అధ్యాయాలన్నీ తిరగేసి, ఫోను సంగతి ఏదమ్మా అన్నారు. నాకర్థం కాలేదు. "సంతకం పెట్టిన కాగితం కాదు ఒప్పందం. రెండు వైపులా ఆఫీసర్లు వారం వారం ఫోనెత్తి మాట్లాడుకుంటారు చూడు, అదీ ఒప్పందం. చెప్పుకోవడానికి ఏమీ లేకపోయినా ఫోనెత్తాలి. ఏమీ లేని రోజున ఎత్తినవాడే, ఏదన్నా జరిగిన రోజున ఎత్తగలుగుతాడు." నేను తలూపి రాసుకున్నాను. అది కూడా ఇంకో పాయింటు అనుకున్నాను.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం అప్పటికే రాజుకుని ఉంది. ఆ చలికాలం ఒక్కసారిగా భగ్గుమంది. క్యాంపస్ అంతా దానితోనే లేచి, దానితోనే పడుకునేది. హాస్టళ్ల ముందు వంటావార్పు, గేట్ల దగ్గర ముళ్లకంచెలు, గాలిలో కళ్లు మండే పొగ. అన్న ఎం.ఏ. అయిపోయి పోటీ పరీక్షలు రాసి రాసి అలసిపోయిన మనిషి. ఇంటికి రావడం మానేసి హాస్టల్లో స్నేహితుల గదిలోనే ఉండేవాడు. ఆ రోజుల్లో కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పేపరు తెరవాలంటే భయంగా ఉండేది. అత్తయ్య పేపరు పైకి పంపేటప్పుడు ఒక్కోసారి దాన్ని మడిచి, పైన చెయ్యి ఆనించి, అలాగే కాసేపు నిలబడేది. మాకు ఆవిడ భయం తెలుసు. ఆవిడా చెప్పలేదు, మేమూ అడగలేదు.

రాష్ట్రం ఇచ్చేస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చిన సాయంత్రం సందంతా పటాకులు పేలాయి. అత్తయ్య కళ్లనీళ్లతో పైకొచ్చి అమ్మ నోట్లో చక్కెర పోసింది. అమ్మ తిన్నది, నవ్వింది కూడా. కానీ ఆ తర్వాత గదిలోకి వచ్చి, నా ఉద్యోగం ఉంటుందంటావా అని నన్నడిగింది. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు.

ఆ వారంలోనే ఆసుపత్రి పని మీద రాజమండ్రి నుంచి మా మావయ్య వచ్చాడు. నోరు ఊరుకోని మనిషి. మెట్లు దిగుతూ, ఈ ఊరిని ఇంతగా బాగుచేసింది ఎవరంటావ్ అని నాతో అన్నట్టుగా సందంతటికీ వినబడేలా అన్నాడు. కింద వాకిట్లో అత్తయ్య తమ్ముడు కూర్చుని ఉన్నాడు, ఆయనా ఊరి నుంచి వచ్చినవాడే. "బతకనీకి వచ్చినోళ్లు మాకు బాగుచేసుడు జెప్తరా? మా పిల్లల నౌకర్లు మీరు చేసుకుంట, మా వాకిట్ల నిలబడి మాకే చెప్తరా?" అన్నాడు. మాట మీద మాట పెరిగింది. ఇంటాయన వచ్చి ఇద్దర్నీ చెరో పక్కకూ లాగాడు. మిగతా మాటలన్నీ అమ్మ మర్చిపోయింది కానీ నౌకర్లు అన్న మాట పట్టుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. అన్నకు రాని ఉద్యోగం, తను చేస్తున్న ఉద్యోగం, రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయని ఆవిడకు తెలియక కాదు. ఎవరూ అంతవరకు పైకి అనలేదు, అంతే.

మర్నాడు పొద్దున డాబా మీద బట్టలారేస్తూ ఆడవాళ్లిద్దరూ ఒప్పందం చేసుకున్నారు. నేను చలికి శాలువా కప్పుకుని పిట్టగోడ దగ్గర చదువుకుంటున్నాను, అంతా విన్నాను. అత్తయ్య తడి చీర దులిపి తీగ మీద వేస్తూ అంది, "వదినె, మొగోళ్లు ఏమన్న అనుకోనీ. మనిద్దరి నడుమ గా ముచ్చట వద్దు. మంచిగొచ్చినా వద్దు, చెడుగొచ్చినా వద్దు." అమ్మ వెంటనే, వద్దు వదినా, అసలు ఎత్తుకోవద్దు, అంది. అక్కడితో ఆగలేదు. దీపాలు పెట్టాక రెండిళ్లలోనూ టీవీ పెట్టకూడదు. చర్చల పేరుతో వాళ్లు అరిచే అరుపులు మెట్ల మీదుగా కిందికీ పైకీ వినబడుతున్నాయి కదా. ఊళ్ల నుంచి వచ్చే చుట్టాలను ఎవరికి వాళ్లు కట్టడి చేసుకోవాలి. ఇద్దరూ ఒకరి బట్టలకు ఒకరు క్లిప్పులు అందించుకుని దిగిపోయారు.

నాకు భలే ముచ్చటేసింది. నేను లైబ్రరీలో తలబద్దలు కొట్టుకుంటున్నదాన్ని వీళ్లు తడిబట్టలు ఆరేసే లోపల తేల్చేశారని సార్‌తో గొప్పగా చెప్పాను. ఆయన విని, మరి అనుమానమొస్తే ఎవర్ని అడగాలి వాళ్లు, అన్నారు. పైనా కిందా ఉన్నవాళ్లు, ఒకర్నొకరు అడుగుతారు సార్ అన్నాను. ఆ విషయమే మాట్లాడుకోకూడదన్నారుగా, అని ఆయన చాక్‌పీసు తీసుకుని క్లాసుకు వెళ్లిపోయారు.

ఒప్పందం బాగానే నిలబడింది. ఇంటాయనకు టీవీ లేక కాళ్లు నిలవక, సాయంత్రం కాగానే మూల మీది పాన్‌డబ్బాకు వెళ్లి అక్కడ వార్తలు వినేవాడు. అమ్మా అత్తయ్యా మెట్ల మీద కలిస్తే చలి గురించీ చిక్కుడుకాయ ధర గురించీ మాట్లాడుకునేవాళ్లు. రోజూ మాట్లాడుకునే మనుషులే, కానీ ఇప్పుడు ఒక్కో మాటనూ నీళ్లలో కడిగి తీసినట్టు మాట్లాడేవాళ్లు. అటు కోస్తాలో ఆందోళనలు మొదలయ్యాయనీ, రాజీనామాలు చేస్తున్నారనీ రెండిళ్లలోనూ తెలుసు. ఆ ఊసు మాత్రం మెట్ల మీదికి రాలేదు.

మార్గశిరంలో సుబ్బారాయుడి షష్ఠి వచ్చింది. మా వైపు అది పెద్ద పండగ, ఊళ్లలో తీర్థాలు జరుగుతాయి. తెలంగాణలో నాగులపంచమి శ్రావణంలోనే అయిపోతుంది కనక ఈ షష్ఠి సంగతి అత్తయ్యకు పట్టదు. చలికాలంలో మీదింటి వదినె ఏదో పాముల నోము నోచి చలిమిడి పంపుతుంది, అంతవరకే ఆవిడ ఎరుక. అమ్మ ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, ఉపవాసం ఉండి, బియ్యం నానబోసి దంచి, బెల్లం కొబ్బరి వేసి చలిమిడి చేసింది. సాయంత్రం దీపం పెట్టుకున్నాక మూతగిన్నెలో పెట్టి కింద ఇచ్చొచ్చింది. అత్తయ్య కళ్లకద్దుకుని తీసుకుందట.

ఆ సాయంత్రమే ఢిల్లీ నుంచి రెండో ప్రకటన వచ్చింది. ఇస్తామన్న రాష్ట్రం ఇప్పుడే కాదు, అందరితో మాట్లాడాలి అని. నేను క్యాంపస్‌లో ఉన్నాను. తార్నాక వైపు గేటు మూసేశారు. సీతాఫల్‌మండి స్టేషను వైపు నుంచి చుట్టూ తిరిగి నడిచి వస్తుంటే దుకాణాల షట్టర్లు ఒకటి తర్వాత ఒకటి పడుతున్నాయి. ఒక హోటల్లో జనం టీవీ ముందు నిలబడి ఉన్నారు. ఎవరూ అరవడం లేదు. ఒక ముసలాయన మాత్రం, మల్ల మోసమే, అని టీ కప్పు కింద పెట్టేశాడు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. టీవీ పెట్టని ఇల్లు కనక ఆవిడకు ఏమీ తెలియదు. దేవుడి ముందు కూర్చున్నదల్లా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇందాకే కదే కింద చలిమిడి ఇచ్చొచ్చాను. ఇవాళ తీపి పంపింది చూడు అనుకోదూ?"

ఏటా పంపేదేగా, అనుకోదులే అన్నాను. తిథి తనకే క్యాలెండరు చూస్తే గానీ తెలియదు, ఆవిడకేం గుర్తుంటుంది అంది అమ్మ. వెళ్లి చెప్పి రానా అని గుమ్మం దాకా వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. "ఏమని చెప్పనే? మంచొచ్చినా చెడొచ్చినా ఆ మాటే ఎత్తొద్దనుకున్నాం. షష్ఠి కోసమే చేశాను అంటే, ఆ మాట నేనే ఎత్తినట్టు కాదూ?" కింద లైటు లేదు. అమ్మ తలుపు వేసి వెనక్కి వచ్చింది.

పొద్దున్నే కింద గేటు గడియ చప్పుడైంది. ఆ తర్వాత పేపరు పైకి రాలేదు. అన్నేళ్లలో పేపరు రాని రోజు లేదు. అమ్మ మెట్ల దాకా రెండుసార్లు వెళ్లి చూసి వచ్చింది. చివరికి, అసలేం జరిగిందో చూద్దామని, పగలే కదా అని టీవీ పెట్టింది. మా వైపు ఊళ్లలో కూడళ్ల దగ్గర జనం పటాకులు కాలుస్తున్నారు, స్వీట్లు పంచుకుంటున్నారు. అమ్మ రిమోటు పట్టుకుని నిలబడే చూసింది. ఆ ముఖంలో సంతోషం లేదు. నేను పక్కనే ఉన్నాను, ఈ ఒక్కదానికి సాక్ష్యం చెప్పగలను. కాసేపటికి కట్టేసి, బిందె తీసుకుని నీళ్లకు కిందికి దిగుతూ, సగం మెట్ల మీద ఆగింది.

మా గిన్నె ఉంది అక్కడ. తోమి, తుడిచి, పక్కనే మూత పెట్టి. లోపల ఏమీ లేదు. పంచదార పలుకు కూడా లేదు.

అమ్మ గిన్నె తీసుకుని పైకి వచ్చి, వంటింటి గట్టు మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చుంది. ప్రసాదాన్ని కూడా పారేసినట్టుంది అంది. ఆ తర్వాత ఏడ్చింది. నాన్న పోయాక అంతలా ఏడవడం మళ్లీ అప్పుడే చూశాను. ఆ ఏడుపులోంచే కోపం పుట్టింది. ఎంత కోపముంటే మాత్రం దేవుడి ప్రసాదం మీదా, అంది. నాకూ కోపం వచ్చింది, దాచుకోను. ఎవరో ఢిల్లీలో ఉరిమితే మంగలం మీద పడ్డట్టు మా గిన్నె మీద పడిందని మండిపడ్డాను.

తర్వాత జరిగినదంతా నా థీసిస్‌లో చదువుకున్నట్టే జరిగింది. అమ్మ మెట్ల మీద ఆగడం మానేసింది. కింద కూడా మానేశారు. మేం వేరే పేపరు వేయించుకున్నాం. కింద గేటుకు సాయంత్రమే తాళం పడటం మొదలైంది, అమ్మ ఆఫీసు నుంచి వచ్చి గేటు తట్టాల్సి వచ్చేది. అమ్మ తులసికి పోసిన నీళ్లు కింద ఆరబెట్టిన వడియాల మీద పడ్డాయి. కావాలని పోయలేదు. అయ్యో అని మాత్రం అనలేదు. దీపాలు పెట్టాక రెండిళ్లలోనూ టీవీలు మోగసాగాయి, ఒకదాన్ని మించి ఒకటి. ఎవరు మొదలుపెట్టారు అంటే అమ్మ గిన్నె పేరు చెప్పేది. కింద వాళ్లు ఏం చెప్పుకున్నారో అప్పటికి నాకు తెలియదు.

ఏడాది తిరక్కుండానే నల్లకుంటలో ఇల్లు చూసుకున్నాం. ఖాళీ చేసిన రోజు సామాన్ల బండి ముందు వెళ్లింది. తాళంచెవులు నేనే ఇంటాయన చేతికి ఇచ్చాను, ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. అత్తయ్య తలుపు వెనకాల పరదా పట్టుకుని నిలబడి ఉంది, చీర అంచు కనబడుతోంది. అమ్మ వాకిట్లోంచి అటు చూడకుండా నడిచి ఆటో ఎక్కింది. వెళ్లొస్తానని చెప్పలేదు. చావింటి నుంచి లేచిపోయినట్టు లేచిపోయింది.

నల్లకుంట నుంచి తార్నాక ఎంత దూరం, ఆటో ఎక్కితే పావుగంట. ఏళ్లు గడిచినా వెళ్లలేదు. నా థీసిస్ అయిపోయింది. వైవాలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు, ఇన్ని కారణాలు రాశావు, వీటిలో నీ సొంతమేది అని అడిగారు. అనుమానం నివృత్తి చేసుకునే దారి మూసుకుపోవడం అని జవాబిచ్చాను. ఉదాహరణ అడిగితే సరిహద్దు బంకరు గురించి చెప్పాను. తర్వాత రాష్ట్రం వచ్చింది. అమ్మ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు, అదే సీట్లో రిటైరైంది. అంత భయపడిన మాట ఊరికే గాలికి పోయింది, ఆ భయానికి ఖర్చయిన మనిషి మాత్రం తిరిగి రాలేదు.

ఒకరోజు అన్న ఫోన్ చేశాడు. అత్తయ్య పోయిందనీ, ఆసుపత్రిలో నాలుగు రోజులే ఉందనీ చెప్పాడు. అమ్మకు చెబితే వెళ్లి చీర మార్చుకుని వచ్చింది.

ఆ ఇంటి మెట్లకు ఇప్పుడు టైల్స్ వేశారు. ఇంటాయన బాగా వంగిపోయాడు, అమ్మను చూసి చేతులు జోడించాడు. గోడకు ఆనించిన కుర్చీలో అత్తయ్య ఫోటో, ముందు దీపం. అన్న ఇప్పుడు గవర్నమెంటు జూనియర్ కాలేజీలో లెక్చరరు, జుట్టు నెరిసింది. అమ్మ ఫోటో ముందు చాప మీద కూర్చుంది. అన్న నా వైపు చూసి, తర్వాత అమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అత్తమ్మా, ఒక ముచ్చట జెప్పాలె. ఆ ఏడు, ఇచ్చింది వాపస్ తీసుకున్నరని తెలిసిన తెల్లారి, అమ్మ పొద్దుగాల్నే క్యాంపస్ గేటు కాడికొచ్చింది. పోలీసోళ్లు లోపలికి రానియ్యలే. నన్ను పిలిపించింది. చేతిల మీ గిన్నె ఉన్నది." అతను చెయ్యి చాచి దీపం వత్తి ఎగదోశాడు. "అప్పుడు నా మనసు మంచిగ లేదు. ఏమన్న చేసుకుందామనే ఉంటి. అమ్మకు అర్థమైంది. ముళ్లకంచె సందుల నుంచి చెయ్యి పెట్టి, మీ చలిమిడి నా చేతిల పెట్టింది. మీదింటి వదినె ఉపాసముండి చేసిన ప్రసాదం రా ఇది, దీని మీద ఒట్టు పెట్టు, పానం తీసుకోనని ఒట్టు పెట్టి తిను అన్నది. ఒట్టు పెట్టి తిన్న. అంతా తిన్న."

అమ్మ అతని వైపు తిరిగింది.

"ఇంటికొచ్చి గిన్నె కడిగి, గా సంగతి మీకు చెప్పాల్నని మెట్లెక్కిందట. పొయ్యి ముట్టియ్యలే, గిన్నెల ఏసేటందుకు వండింది ఏం లేదు. మాట చెప్పేదుండె, చాలనుకున్నది. సగం దాంక వచ్చేసరికి మీ ఇంట్ల టీవీ పెట్టి ఉన్నది. పటాకలు పేలుతున్నయట. కాళ్లు రాలేదు బిడ్డా అన్నది నాతోని. వాళ్లకు సంబురముంటే మన బాధ ఎందుకు చెప్పాలె అని గిన్నె అక్కడ్నే పెట్టి దిగింది. తర్వాత మీరు మాట్లాడలే. మీరు గెలిచిన్రు, ఇగ మాతోని పనేమున్నదని అనుకున్నది."

పేపరు రాలేదని పెట్టిన టీవీ అది. కొడుకు కోసం పరుగెత్తిన మనిషి పేపరు పంపడం మర్చిపోతే రాని పేపరు. నేను ఇదంతా ఒక్కొక్కటిగా వెనక్కి పేర్చుకుంటున్నాను, చదువుకున్నదాన్ని కదా. అమ్మకు అవేమీ పట్టలేదు. అన్న మొహం వైపే చూస్తోంది. తర్వాత అతని కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, అరచేయి తెరిచి, దాన్ని కళ్లకద్దుకుంది.

లేచేసరికి పొద్దు వాలింది. నేను చావింటి ఆనవాయితీ ప్రకారం వెళ్లొస్తానని చెప్పకుండా చెప్పులేసుకున్నాను. అమ్మ గడప దాకా వచ్చి ఆగింది. వెనక్కి తిరిగి, ఫోటో వైపు చూసి, వాకిట్లో ఉన్న అందరికీ వినబడేలా అంది.

"వెళ్లొస్తా వదినా."

చుట్టాలలో ఒక పెద్దావిడ, అట్ల అనొద్దమ్మా అంటూ లేవబోయింది. అన్న చెయ్యి అడ్డం పెట్టి ఆవిడను ఆపాడు. గడప దాకా వచ్చి, తల్లి బదులు జవాబు తనే చెప్పాడు.

"మంచిది అత్తమ్మా. మల్ల రాండ్రి."